కిటికీ తెరవండి

2001 ఏప్రిల్‌లో గుంటూరులో ఇంటర్ జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు నన్ను లెక్కల ఎగ్జామినర్‌గా వేశారు. ఆ జనవరిలో బదిలీ అయ్యేదాకా వేటపాలెం వైపు ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌ని. పత్రాల మీద పేరూ ఊరూ ఉండవు, కోడ్ నంబరే. ఒక కేంద్రం పత్రాలన్నీ ఒకే కట్టలో వస్తాయి.

మధ్యాహ్నం కట్ట విప్పాను. (1+i)ⁿ + (1−i)ⁿ విలువను కొసైన్‌లో చూపమన్న సంకీర్ణ సంఖ్యల లెక్క, ఏడు మార్కులది. మొదటి పత్రంలో మాపం √2, ఆయామం π/4 అని సరిగ్గానే తేల్చి, కింద వరసలో 'కిటికీ తెరవండి' అని ఉంది. ఆ తర్వాత ఖాళీ. ఎవడికో ఎండదెబ్బ తగిలిందనుకుని నవ్వుకున్నాను. రెండో పత్రమూ అంతే. ఏడో దానికొచ్చేసరికి దిద్దడం ఆపి కట్టంతా తిరగేశాను. మొత్తం పదకొండు పత్రాలు, పదకొండు చేతిరాతలు, అదే వరస దగ్గర అదే మాట. అది నాకు మా పాత లెక్కల లెక్చరర్ మస్తాన్ గారి గొంతులో వినపడసాగింది.

చీఫ్ ఎగ్జామినర్ సీతారావమ్మ గారికి చూపించాను. "ఇది ఎవరికో సంకేతమండీ, మాల్‌ప్రాక్టీస్ కింద పంపేద్దాం" అన్నారు. నిబంధన అదే. పంపితే పదకొండు మందికీ ఏడాది పోతుంది.

అప్పుడు చెప్పాను. మస్తాన్ గారు నా పాత కాలేజీలో సహోద్యోగి. ఆయన నోట్సు చెబితే పిల్లలు మక్కికి మక్కి రాసుకునేవాళ్ళు, దగ్గితే దగ్గు కూడా. 1999 నవంబరులో ఇదే లెక్క చెబుతూ, ఆయామం దాకా వచ్చి, కిటికీ తెరవండి అన్నారట. అలాగే కుర్చీలో ఒరిగిపోయారు. మళ్ళీ లేవలేదు. పక్కన జీడిగింజలు కాల్చే పొగ వస్తోందని ఆ పూట కిటికీలన్నీ మూయించింది నేనే. ఆయన పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. నేను కలన గణితం చెప్పుకుంటూ, సంకీర్ణ సంఖ్యలకు ఆ పిల్లలు రాసుకున్న మస్తాన్ గారి నోట్సు జిరాక్సు తీయించుకోమని తర్వాతి బ్యాచికి చెప్పాను. వాళ్ళు ఆ మాట కూడా లెక్కలో ఒక మెట్టే అనుకుని బట్టీ పట్టారు.

ఆవిడ లేచి వెళ్ళి, మిరప ఘాటుకు మూసిపెట్టిన కిటికీ తెరిచారు. ఇదంతా కాగితం మీద పెట్టి సంతకం చెయ్యమన్నారు, కిటికీలు మూయించిన సంగతితో సహా. చేశాను. చేసినంత వరకు మెట్లకు నాలుగేసి మార్కులు వేశాం. సంబంధం లేని వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేయాలి. పదకొండుసార్లు కొట్టేశాను. ప్రతిసారీ ఆయన చివరి మాటనే కొట్టేస్తున్నానని భయమేసింది, దాచను.

క్లాసులో నోరు జారిన మాటకూ పాఠానికీ పిల్లలకు తేడా తెలియదు. రిటైరయ్యే దాకా మళ్ళీ నోట్సు చెప్పి రాయించలేదు. చివరి వరస దాకా వాళ్ళ చేతే చేయించాను. పొగొచ్చినా ఘాటొచ్చినా కిటికీలు మూయించలేదు.