మధ్యలో ఆపింది నేనే

రాళ్లు మోసి బతికినవాణ్ణి. ఎంత బరువైనా ఎక్కడ చెయ్యి వేస్తే లేస్తుందో నాకు తెలుసు. కొన్నేళ్లుగా మోస్తున్న ఈ బరువుకు మాత్రం పట్టు దొరకడం లేదు. ఎవరికీ చెప్పలేదు. నా ఇంటిదానికి కూడా చెప్పకుండానే ఆమెను సాగనంపాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. మిగతావాళ్ల పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

మాది దుర్గి. బొమ్మలు చెక్కే పని. చిన్నప్పుడు బడికి పోలేదు. విగ్రహం పీఠం మీద దాత పేరు చెక్కాల్సి వస్తే ఎవరో ఒకరు సుద్దతో రాసిచ్చేవాళ్లు. ఆ గీతల మీద ఉలి నడిపేవాణ్ణి. ఏం చెక్కుతున్నానో నాకు తెలియదు. అక్షరం బాగా కుదిరిందని మెచ్చుకుంటే తల ఊపేవాణ్ణి.

ముసలితనంలో నాకు చదువు చెప్పింది పక్కింటి రమణమ్మ. ఆమె భర్త శీను నా దగ్గరే పని నేర్చుకున్నాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి చిన్న వయసులోనే పోయాడు. పోయే ముందు కొన్ని నెలలు ఉలి పట్టలేక, అరుగు మీద కూర్చుని ఒక చవక ట్యాబ్ ఎదురుగా పెట్టుకుని దాంతో మాట్లాడేవాడు. ముఖం కొలత ఎలా తీయాలి, ముక్కు ఎక్కడ మొదలుపెట్టాలి. మధ్యలో దగ్గు. దగ్గు తగ్గాక మళ్లీ మాట. అంతా కూతురి కోసం. పిల్ల అప్పటికి ఉయ్యాల్లో ఉంది. దానికి ఊహ తెలిశాక నాన్న గొంతు వినాలని వాడి కోరిక. ఆ వీడియోలు ఆ ట్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. రమణమ్మ దగ్గరున్నది బటన్ ఫోను.

అందులోనే అక్షరాలు దిద్దించే ఆట ఒకటి ఉండేది. రమణమ్మ మిరపకోతలకు పోతూ ట్యాబ్ నా చేతికిచ్చి, ఆ ఆట తప్ప ఇంకేదీ నొక్కొద్దని చెప్పేది. సాయంత్రం వచ్చి నా చేత చదివించేది. తప్పు చదివినా నవ్వేది కాదు. పని దగ్గర మాత్రం నవ్వేవాళ్లు. ముసలాయన కలెక్టరు పరీక్షకు కూర్చుంటాడంట అనేవాళ్లు. నేను మొండిగా కనపడిందల్లా పైకి చదివేవాణ్ణి. బస్సు మీది ఊరి పేరు, పురుగుమందు డబ్బా, గోడ మీది పెళ్లిసంబంధాల ప్రకటన. చదవగలనని నలుగురికీ వినపడాలి నాకు.

ఆ రోజు ట్యాబ్ తెరిస్తే ఆటకు బదులు ఏదో రాత వచ్చింది. సిస్టం అప్‌డేట్ సిద్ధంగా ఉందంట. కూడబలుక్కుని మొత్తం చదివాను. డేటాను బ్యాకప్ చేసుకోండి అని ఉంది. ఆ మాటలు పలికాను గానీ అర్థం తెలియలేదు. ఛార్జింగ్ సరిపడా ఉండాలి అని ఉంది. పూర్తయ్యేవరకు ఆఫ్ చేయవద్దు అని ఉంది. అది అర్థమైంది. కింద రెండు గడులు. ఒకటి ‘తర్వాత’. ఒకటి ‘ఇప్పుడే’. రమణమ్మ చెప్పింది గుర్తు లేదా? ఉంది. కానీ ఎవరో నాకే రాసి పంపినట్టు ఒక మాట ఎదురుగా ఉంది, దాన్ని ఎవరి సాయమూ లేకుండా చదివాను, చదివినవాడు జవాబు చెప్పాలి కదా అనిపించింది. ‘ఇప్పుడే’ నొక్కాను.

ఒక గీత మొదలై మెల్లగా నిండింది. సగం దాటి ఆగింది. చాలాసేపు చూశాను. కదల్లేదు. ట్యాబ్ వీపు కాలుతోంది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. రాయి కోసే మిషను చక్రం రాతిలో ఇరుక్కుని వేడెక్కితే ఆలోచించకూడదు. ముందు కరెంటు తీసెయ్యాలి. ఆలోచిస్తూ నిలబడ్డవాడి వేళ్లు పోతాయి. శీనుకు అది నేర్పింది నేనే. ఆ రోజు నా చెయ్యి అదే పని చేసింది. పక్కనున్న మీట అదిమిపట్టి, తెర నల్లబడేదాకా వదల్లేదు. ఆఫ్ చేయవద్దని చదివినవి ఈ కళ్లే. కానీ చేతులది జీవితకాలపు అలవాటు, కళ్లది నిన్నమొన్నటి చదువు. ఇది సాకా? కావచ్చు. ఏమైనా, ఇంతవరకే అయితే నేనీ కాగితం ముట్టేవాణ్ణి కాదు. ఇంతవరకు జరిగింది పొరపాటు.

ఆ తర్వాత చేసింది తెలిసి చేశాను.

ట్యాబ్ మళ్లీ తెరుచుకోలేదు. కంపెనీ గుర్తు రావడం, ఆరిపోవడం. రమణమ్మ వచ్చేసరికి దాన్ని తువ్వాలుతో తుడిచిపెట్టి, దానంతట అదే ఆరిపోయిందమ్మా అన్నాను. మర్నాడు ఇద్దరం మాచర్ల పోయాం. అక్కడ మస్తాన్ అని సెల్లులు బాగుచేసే అతనున్నాడు. అంతకుముందు ఉబ్బిన బ్యాటరీ తీసి కొత్తది వేసింది అతనే. శీను వీడియోల సంగతి అతనికి తెలుసు. తీసుకురా అక్కా, కార్డులోకి ఎక్కించి పెడతానని చెప్పి ఉన్నాడు కూడా. కోతలు అయ్యాక చూద్దామని రమణమ్మ ఆగింది.

అతను మీటలు కలిపి నొక్కి చూశాడు. చాలాసేపు చూసి తలెత్తాడు.

"అక్కా, ఒక్కటి చెప్పు. అప్‌డేట్ ఏమన్నా పెట్టి మధ్యలో ఆపారా? అట్టాగైతే లోపలియి పోకుండా చూసే దారి ఒకటుంది. లోపల చిప్పు పోయుంటే మాత్రం వేరే. తెలియకుండా చెయ్యి పెడితే ఉన్నయ్యి కూడా పోతయ్."

"నేను పొద్దున పోతే సందేళ దాకా చేలోనేగా. మావయ్యా, నువ్వేమన్నా నొక్కావా?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను. "చదువు రానోణ్ణి."

నా నోరే అన్నది. నాకు చదువు చెప్పిన మనిషి మొహం చూస్తూ అన్నాను. అప్పటికి పెద్దబాలశిక్ష కూడబలుక్కుంటున్నవాణ్ణి, బస్సులో వస్తూ దారిపొడుగునా బోర్డులు చదివి ఆమెకు వినిపించినవాణ్ణి.

మస్తాన్ నా వంక చూశాడు. కోపంగా కాదు. "తప్పేం గాదు తాతా, చెప్పు. నేర్చుకునేటప్పుడు నేనే ఇట్టాంటియి చానా తగలబెట్టా."

తలుపు తీసి పట్టుకున్నట్టు అడిగాడు. ఒక్క మాట చాలు. నొక్కానయ్యా, నేనే ఆపానయ్యా అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? భయమా? ఆమె నన్ను కొట్టదు, తిట్టదు. సిగ్గు. నొక్కానని చెబితే చదివే నొక్కానని చెప్పాలి. చదివి, అర్థమై, వద్దన్న పనే చేశానని చెప్పాలి. అది పని దగ్గరికి చేరుతుంది, మళ్లీ ఆ నవ్వు. ఆ నవ్వుకు జడిసి ఒక చనిపోయినవాడి గొంతును పణం పెట్టాను. అప్పుడే ఇంత స్పష్టంగా తెలుసా? తెలుసు. అతను చెప్పిన రెండు దారులూ నాకు బాగా అర్థమయ్యాయి.

"నొక్కలేదంటన్నాగా" అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. నమ్మి, మస్తాన్ మీదికి తిరిగింది. నువ్వేసిన బ్యాటరీ వల్లే ఇట్టా అయిందంది. అతను కాదన్నాడు, ఒక పూట టైమివ్వమన్నాడు. ఆమె ఇవ్వలేదు. ట్యాబ్ లాక్కుని బయటకు నడిచింది. నేను వెనకాల నడిచాను.

రెండు రోజుల తర్వాత ఆమె ఒక్కతే నర్సరావుపేట పోయి పెద్ద షాపులో ఇచ్చింది. ఏం జరిగిందని వాళ్లూ అడిగారంట. ఎవరూ ఏమీ నొక్కలేదని చెప్పిందంట. నేను చెప్పిన మాటే. ముందు వేరే మోడల్ ఫైలు ఎక్కించారంట, అది పట్టక, చివరికి మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించారంట. ట్యాబ్ చక్కగా వెలిగింది. కొత్తదానిలాగా భాష ఎంచుకోమని అడిగింది.

ఆమె దాన్ని తన ఇంటికి కూడా తీసుకుపోలేదు. బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి నా మంచం మీద పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో మావయ్యా. నాకిందులో ఏముంది ఇంక. నీకు చదువన్నా వస్తది."

ఉంచుకున్నాను. వద్దనే ధైర్యం కూడా లేకపోయింది. ఈ వాక్యాలు రాయగలిగేంత చదువు ఆ ట్యాబ్ మీదే పూర్తిచేశాను. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. మీకేమన్నా పేరు తోస్తే అది నాకు తగినదే.

మస్తాన్ పేరు మా ఊళ్లో చెడింది. మొగుడి గుర్తులు పోగొట్టాడని రమణమ్మ ఏడుస్తూ చెబితే ఎవరు కాదంటారు? మావాళ్లెవరూ ఆ షాపు గడప తొక్కలేదు. కొన్నాళ్లకు మూసేశాడు. ఇప్పుడు పిడుగురాళ్లలో సున్నపుబట్టీల వైపు లారీ మీద పనికి పోతున్నాడని విన్నాను. ఒకసారి అక్కడిదాకా పోయి, బస్సు దిగకుండానే వచ్చేశాను.

పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. ఈమధ్య వచ్చి అడిగింది, మా నాన్న గొంతు ఎట్టా ఉండేది తాతా అని. కొంచెం బొంగురమ్మా అన్నాను. బొంగురంటే ఎట్టా, ఒకసారి అనిచూపించు అంది. ప్రయత్నించాను. నా గొంతే వచ్చింది. పిల్ల కాసేపు విని ఆడుకోవడానికి పోయింది.

రమణమ్మకు చదువు బాగా వచ్చు. ఈ రాత ఎప్పటికైనా ఆమె చేతికి చేరుతుందని తెలిసే రాస్తున్నాను. చదివాక క్షమించమని అడగను. అడిగే హక్కు లేదు. మస్తాన్‌ది ఏ తప్పూ లేదని మాత్రం నమ్మమంటాను. నొక్కింది నేను. ఆపింది నేను. అడిగినప్పుడు లేదన్నది నేను. ఇది రాసేసరికి ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది. నాకు దక్కేది అంతే. ఆ పిల్లకు దక్కేది ఏమీ లేదు.