సైతాన్ ఏషం కట్టిన మా ఎర్రయ్య

నా పెనిమిటి ఎర్రయ్య శంకరయ్య పటేలు కాడ జీతం ఉండేటోడు. ఏడాదంతా ఎడ్ల ఎనక, ఎండల, బురదల. ఇంట్ల పిల్లికి సుత ఎదురు చెప్పనోడు. కానీ ఈస్టరుకు ముందుగాల మా చర్చి కాడ ఆడే ఆటల మాత్రం, కోదాడ దిక్కు పల్లెలల్ల ఆయన్ను మించిన సైతాన్ లేడు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న.

అంతకు ముందు సైతాన్ కట్టేటోళ్లు మొఖానికి మసి పూసుకొని, బర్రె కొమ్ములు పెట్టుకొని ఎగిరి దుంకేటోళ్లు. పిల్లలు పకపక నవ్వేటోళ్లు. ఎర్రయ్యకు అది నచ్చలే. "గట్ల అరుసుకుంట వస్తె ఎవడన్న మోసపోతడా?" అన్నడు. ఉతికిన ధోతి కట్టి మెల్లగ నడుసుకుంట వచ్చిండు. నలబై దినాలు ఉపాసమున్న యేసు ముందర కూసొని, చేతుల రాయి పట్టుకొని, "ఆకలైతుందా అయ్యా? జర దీన్ని రొట్టె చేసుకో" అన్నడు. తల్లి బిడ్డకు బువ్వ పెట్టేటప్పుడు అన్నట్టు అన్నడు. పట్టపగలే, పందిట్ల పిల్లలు తల్లుల కొంగుల ఎనక దాసుకున్నరు. ఇంటికొచ్చి గంజి పోస్తుంటె, ఈ గొంతు ఇన్నేండ్లు ఏడ దాసిండని ఆయన మొఖం వంక సూసిన.

అది రజాకార్ల ఏడు. పటేలు బిడ్డ ఉప్పలి, అయిదేండ్లది, మా ఆయన భుజమ్మీదనే పెరిగింది. ఆట సూడనీకి వచ్చింది. తెల్లారేసరికి కాలిపోయే జరం. "ఎర్రయ్య రాయి తినమంటుండు" అని ఒకటే కలవరింత. సూర్యాపేట దవాఖానకు తోల్కపోదామంటె, రజాకార్ల భయానికి బండి కట్టేటోడు లేడు. భూతాలు తీసే ముసలోడొకడు వచ్చి నిమ్మకాయ కోసి, "పెట్టినోడే తీయాలె" అన్నడు. మంత్రాలకు చింతకాయలు రాలుతయా? కానీ పటేలుకు ఆ మాట పట్టింది. "మూడు దినాలల్ల తీయకపోతె నీ ముందటి పండ్లు ఊడబీకిస్త" అని కబురు పెట్టిండు. మా దిక్కు చేతబడి చేసిండన్నోనికి అదే శిక్ష. పండ్లు లేకుంటె మంత్రం పలకదంట. చర్చి అయ్యగారుంటె నాలుగు మాటలు చెప్పేటోడు. ఆయన మిర్యాలగూడెం నుంచి నెలకొక్కపారే వస్తడు.

"ఎటన్న పారిపోదాం" అన్న నేను.

"పిల్ల నన్ను సూసి జడుసుకున్నది జానమ్మా. నేను పోతె ఆ జడుపు దానితోనే ఉంటది" అన్నడు ఎర్రయ్య.

పోయి ఉప్పలి మంచం పక్కన కూసున్నడు. ఆటల పట్టుకున్న రాయినే దాని చేతుల పెట్టి, "ఇగ నువ్వే సైతాన్‌వి, నన్ను జడిపియ్యి సూద్దాం" అన్నడు. అది గొంతు మెత్తగ చేసి "ఆకలైతుందా?" అనంగనే ఈయన కిందపడి గజగజ వణికిండు. పిల్ల నవ్వింది. రెండు దినాలు అదే ఆట. మూడోనాడు జరం దిగి, జొన్న గటక తిన్నది. గండం గడిసిందని నేను యేసయ్యకు దండం పెట్టుకున్న.

ఏడ గడిసింది? ఉప్పలికి ఆ ఆట రుచి మరిగింది. ఇంటికొచ్చినోళ్లందరి ముందర రాయి పట్టుకొని, అచ్చం ఎర్రయ్య లెక్కనే "ఆకలైతుందా అయ్యా?" అనుడు. ఇని దాని నాయనమ్మ కూలబడ్డది. ముసలోణ్ని మల్ల పిలిపిచ్చిండ్రు. "జరం పోలే, నోట్లెకు దిగింది. పిల్ల పండ్లు సుత తీయాలె" అన్నడు వాడు.

మమ్మల్ని పటేలు వాకిట్లకు ఈడ్సుకపోయేసరికి ఊరంతా ఆడనే ఉన్నది. అరుగు మీద పట్టకారు పెట్టిండ్రు. ఉప్పలిని వాళ్లమ్మ ఒడిల అదిమి పట్టుకున్నది. అవి పాలపండ్లు, ఇంకొక్కటి సుత ఊడలే. శంకరయ్య పట్టకారు దిక్కు సూడలేక మొఖం తిప్పుకున్నడు, కన్నతండ్రి గద. నేను ఆయన కాళ్ల మీద పడి, "ఉత్త ఆట పటేలా, నీ బాంచెను" అని మొత్తుకున్న. ఎవరింటరు?

ముసలోడు పిల్ల దవడ పట్టుకున్నడు.

అప్పుడు లేచిండు ఎర్రయ్య. "దాన్ని ఇడిసిపెట్టు శంకరయ్యా" అన్నడు. మెత్తగనే అన్నడు. పటేలును పేరు పెట్టి పిలిసిండు, ఒక జీతగాడు. "దాని నోట్ల ఏం లేదు. నేను పెట్టిన, నేనే తీసుకున్న. అంతా నా నోట్లనే ఉన్నది, వచ్చి సూసుకో." అని చిన్నగ నవ్విండు. ఊరంతా నాలుగడుగులు ఎనక్కు జరిగింది. ముసలోని చెయ్యి పిల్ల దవడ మీదికెల్లి జారింది.

అది పచ్చి అబద్ధమని నాకు తెలుసు. తెలిసి సుత, అందరితోపాటు నేనూ ఎనక్కు జరిగిన. కట్టుకున్నోణ్ని సూసి భయపడ్డ. ఆ పాపం నన్ను ఇప్పటికీ తింటది. ఎందుకంటె ఎర్రయ్య అప్పుడు నా దిక్కే సూస్తుండు. నేను జరుగుడు సూసిండు, ఇగ అరుగు మీద పట్టకారు పక్కన కూసొని తనంతల తానే నోరు తెరిసిండు.