మా తాతయ్యకు తుపాకీ నచ్చిన రోజు

మా అల్వారో తాతయ్యకు తుపాకీ నచ్చదు. ఏ తుపాకీ అయినా సరే, నచ్చదు. వేటంటే విరక్తి అనుకునేరు; అడవిపంది మాట చెవిన పడితే చాలు, జ్వరంతో పడుకున్నా లేచి బూట్లు తొడుక్కునే మనిషి. ఏటా ద్రాక్షకోతలు అవగానే కొత్త తుపాకీ కొంటానని గ్రొస్సెతో పట్నానికి బయల్దేరుతాడు. సెత్తీమియో దుకాణంలో గోడకున్న తుపాకులన్నీ దింపిస్తాడు. ఒక్కోదాన్నీ భుజానికెత్తి, "బాగుంది, కానీ..." అంటాడు. ఆ "కానీ" తర్వాత ఏం వస్తుందో దేవుడికి కూడా ముందుగా తెలియదు.

"బాగుంది, కానీ గొట్టం పొడుగు. పొదల్లో దీన్ని తిప్పాలంటే పందినే కాస్త జరగమనాలి."

"బాగుంది, కానీ ఈ చెక్కిన కుక్క మొహం చూడు. పంది కనబడితే ముందు ఇదే పారిపోయేలా ఉంది."

ఒకసారి సెత్తీమియో ఓపిక నశించి అడిగాడు. "అల్వారో, నీకు కావాల్సింది తుపాకీయా, పెళ్లికూతురా?"

"పెళ్లికూతురైతే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు."

ఈ మాట ఇరీదె నానమ్మకు ఎలా చేరిందో నేను చెప్పను. ఆ వారమంతా తాతయ్యకు ఉప్పు లేని సూప్ దొరికింది.

నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. రొట్టెల బట్టీలో పనిచేస్తాను. తాతయ్య కారు తీస్తే ఊళ్లో కోళ్లు చెట్లెక్కుతాయి కాబట్టి, ఈ తుపాకీ యాత్రలన్నిటికీ డ్రైవర్ని నేనే.

తూటాల సంగతి మరీ ఘోరం. ఒక్కో తూటానూ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు, వాసన చూస్తాడు. పిట్టలకైతే గుప్పెడు చిన్న గుళ్లు, పందికైతే ఒకటే బరువైన సీసం గుండు. మధ్యరకం గుళ్లకు చట్టం ఒప్పుకోదు, తాతయ్య అసలే ఒప్పుకోడు. "అవి పందిని చంపవే, అవమానిస్తాయి. అవమానపడ్డ పంది నేరుగా నీ మీదకే వస్తుంది" అంటాడు. పైగా ఒక తుపాకీకి పడిన గుండు ఇంకోదానికి పడదట. ఒకటి తిన్నగా వెళ్తే, ఇంకొకటి పక్కూరు వెళ్తుందట. అందుకని అన్ని రకాలవీ ఒక్కో పెట్టె తెరిపిస్తాడు, దేన్నీ మెచ్చడు. చివరికి వేటరోజున వాళ్ల నాన్న ఇచ్చిన పాత జోడుగొట్టాల తుపాకీ తగిలించుకుని, పాత రకం తూటాలే జేబులో పోసుకుని వెళ్తాడు.

తాతయ్యకు చిన్ననాటి స్నేహితుడొకాయన ఉన్నాడు, దూయిలియో తాత. ఇద్దరూ ఒకే వేటజట్టు. మా జట్టులో ఒక ఆచారం ఉంది. గురి తప్పినవాడు ఆ పూట విందులో మెడలో పెనం వేలాడేసుకుని కూర్చోవాలి. ఉత్తుత్తి పెనం కాదు, వంటింట్లో పెనమే, జిడ్డుతో సహా. పోయిన వేటకాలమంతా ఆ పెనం దూయిలియో తాత మెడ దిగలేదు. ఆయన చొక్కాల మీద గుండ్రటి మసి మచ్చ పడిపోయింది.

ఆఖరి విందులో వేటపెద్ద రెమీజియో గ్లాసు ఎత్తి, "దూయిలియో, వచ్చే ఏడూ ఇదే వరసైతే తుపాకీ ఇంట్లో పెట్టి రా. వంటింట్లో ఉల్లిపాయలు తరగడానికి మనిషి కావాలి" అన్నాడు. అందరూ నవ్వారు. దూయిలియో తాత కూడా నవ్వాడు, కానీ పళ్లెంలో మాంసం అలాగే వదిలేశాడు. భార్య పోయాక ఆయనకు వేట ఉన్న రోజులే రోజులు. మిగతావి క్యాలెండర్ నింపడానికి ఉన్నట్టుంటాయి.

ఈసారి గ్రొస్సెతోకి బయల్దేరేటప్పుడు తాతయ్య ఆయన్ని కూడా కారెక్కించాడు.

"నేనెందుకురా?" అన్నాడు దూయిలియో తాత.

"నా భుజం పట్టేసింది. తుపాకీ ఎత్తి చూపించడానికో మనిషి కావాలి."

"పొద్దున వైన్ పీపా ఎత్తినప్పుడు పట్టెయ్యలేదే!" అన్నాను.

"నువ్వు రోడ్డు చూడవే!"

దుకాణంలో దూయిలియో తాత మొదటి తుపాకీ అందుకుని కుడి భుజానికి పెట్టాడో లేదో, తాతయ్య గయ్‌మన్నాడు.

"అటు కాదురా! నేను నీకెదురుగా ఉన్నాను కదా. నాకు కుడి అంటే నీకు ఎడమ. అద్దంలో మనిషి ఏ చేత్తో గడ్డం గీసుకుంటాడు?"

"నేనేమన్నా నీ అద్దాన్నా?"

"ఇవాళ్టికి అద్దానివే. ఎడమ భుజానికి పెట్టు."

"అంత పెద్ద అద్దం గోడకి ఉందిగా మహానుభావా!" అన్నాడు సెత్తీమియో.

"అది అబద్ధాలకోరు. నన్ను లావుగా చూపిస్తోంది."

దూయిలియో తాత గొణుక్కుంటూ ఎడమ భుజానికి మార్చాడు. తాతయ్య వంగి, తుపాకీని కాకుండా ఆయన ఎడమ కంటిని చూశాడు. తర్వాత మొదలైంది.

"బాగుంది, కానీ ఇది తనంతట తాను ఖాళీ తూటాను కుడివైపుకి విసురుతుంది. సరిగ్గా అద్దం మొహం ముందునుంచే. అద్దం పగిలితే?"

"బాగుంది, కానీ అద్దానికి బరువెక్కువైంది. మెడ నరాలు చూడు."

"నీ అద్దానికి ఆకలేస్తోందిరా" అన్నాడు దూయిలియో తాత.

చివరికి సెత్తీమియో లోపలినుంచి ఒక జోడుగొట్టాల తుపాకీ తెచ్చాడు. సన్నటిది, తేలికైంది, పొట్టి గొట్టాలు. ఎవరో సియేనా డాక్టరు చెప్పి చేయించుకుని మళ్లీ రాలేదట. దూయిలియో తాత దాన్ని ఎత్తాడు. ఎప్పుడు ఎత్తాడో, ఎప్పుడు చెంప దానికి ఆనిందో తెలియలేదు. తలుపు తీసినంత తేలిగ్గా జరిగిపోయింది. ఆయన గొణగడం కూడా మర్చిపోయాడు.

"బాగుంది" అన్నాడు తాతయ్య.

మేం ఎదురుచూశాం. గోడ మీద జింకతల కూడా ఎదురుచూసినట్టే ఉంది.

"కానీ?" అన్నాడు సెత్తీమియో నీరసంగా.

"కానీ ఏమీ లేదు. తూటాలు తియ్యి."

సెత్తీమియో స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

దుకాణం వెనక మట్టికట్టకు కాగితం పంది అంటించి ఉంటుంది. మొదటి రకం గుండ్లలో ఒక గొట్టంది ముట్టె మీద తగిలితే, రెండో గొట్టంది తోక దగ్గర పడింది. ఇంకో రకం కాగితాన్నే పట్టించుకోలేదు. తర్వాతి రకానికి రెండు గొట్టాల గుండ్లూ పంది భుజం మీదే, కాఫీకప్పు బోర్లిస్తే రెండూ కప్పడిపోయేంత దగ్గరగా పడ్డాయి. దూయిలియో తాత తుపాకీ దించి, కాగితాన్ని చూస్తూ కుడికన్ను మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు.

"అద్దం పర్వాలేదే" అన్నాడు తాతయ్య, ఎటో చూస్తూ.

తిరుగు దారిలో ఊరు రాబోతుండగా తాతయ్య ఉన్నట్టుండి నెత్తి కొట్టుకున్నాడు. చర్చి నాటకంలో మా ఊరి పిల్లలు కూడా అంతకన్నా బాగా నటిస్తారు.

"అయ్యో, నా కొంప మునిగింది! దీని భుజానికానించే కొయ్య ఎడమకి వంగి ఉందిరా! ఎడమ భుజం వాళ్లదిరా ఇది!"

"మరి కొనేటప్పుడు కళ్లేమయ్యాయి?" అన్నాడు దూయిలియో తాత.

"నువ్వు అద్దంలా నిలబడేసరికి అంతా తారుమారైంది! ఇరీదెకి తెలిస్తే నన్ను కోళ్లగూట్లో పడుకోబెడుతుంది. దూయిలియో, నువ్వే కాపాడాలిరా. ఇది నువ్వు తీసుకో, నీ పాతది నాకివ్వు. ఠాణాలో కాగితాలు మార్పించుకుందాం."

నవ్వాపుకోలేక కారును కాలవలో దింపబోయాను. దూయిలియో తాత చాలాసేపు ఆలోచించి, "నీ ప్రాణం మీదకొచ్చింది కాబట్టి సరే" అన్నాడు.

ఆయన్ని ఇంటి దగ్గర దింపాక, "తాతయ్యా, భుజం ఎలా ఉంది?" అన్నాను.

తాతయ్య వెక్కిరింపును పట్టించుకోలేదు. "పోయిన ఏడు విందులో వాడు వైన్ నా గ్లాసులో కాకుండా పక్కన పోశాడే. జన్మలో ఒక్క చుక్క ఒలకబోసిన మనిషి కాదు. కుడికన్ను మసకేసింది. ఎడమకన్ను డేగలా ఉంది, ఇవాళ చూశాను. అడిగితే చస్తే ఒప్పుకోడు. నోరు జారావో, నీ పని చెప్తా."

వేట మొదలైన రోజు ఎవరెక్కడ కాపు కాయాలో చీట్లు తీస్తే, దూయిలియో తాతకు వాగు దాటేచోటు వచ్చింది. పందులన్నీ ఆ దారినే వస్తాయి. రెమీజియో మొహం మాడ్చుకుని, "అక్కడ తప్పితే ఇక మాటల్లేవు" అన్నాడు. నేను తాతయ్య పక్కన ఓక్ చెట్టు కింద కూర్చున్నాను. కుక్కలు పొదల్లో మొరుగుతూ వాగువైపు మళ్లాయి. తాతయ్య తన తుపాకీ సంగతే మర్చిపోయి అటే చెవులు పెట్టాడు. ఒక్క తుపాకీ మోత. రెండోది రాలేదు.

తాతయ్య రేడియోలో రెమీజియో గొంతు గరగరలాడింది. "ఎవరది? ఏమైంది?"

"దూయిలియోని. పడింది" అంది ఇంకో గొంతు. కాస్త ఆగి, "పెద్దది" అని కలిపింది.

తాతయ్య మొహం అటు తిప్పుకుని చాలాసేపు ముక్కు చీదాడు. పుప్పొడి పడదట. నవంబరు నెలలో.

మధ్యాహ్నం విందుకి నేనూ దూయిలియో తాతా జున్ను కోస్తున్నాం. ఆయన చెక్కపీట మీదనుంచి తలెత్తకుండా, మెల్లగా అన్నాడు. "వాడు నలుగురిలో నాటకమాడటం నేనెప్పుడూ చూడలేదే. భుజం పట్టేసిందట! అద్దమట! ఎంత సంబరపడిపోయాడో. నాకు తెలుసని వాడితో అనకు. పాపం, చిన్నబుచ్చుకుంటాడు."

"అనను" అన్నాను.

నేను జున్ను పట్టుకెళ్తుంటే తాతయ్య నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"ఏమంటున్నాడు? అనుమానం గానీ వచ్చిందా?"

"లేదు తాతయ్యా. అస్సలు రాలేదు."

తాతయ్య తృప్తిగా ఒక జున్నుముక్క నోట్లో వేసుకుని, అప్పటికే అవతల పదిమందికి పంది మీద తన గుండు దెబ్బ చూపిస్తున్న స్నేహితుణ్ణి జాలిగా చూశాడు.

"వాడికి చిన్నప్పటినుంచీ బుర్ర కాస్త నెమ్మదే" అన్నాడు.