పుర్రె బొమ్మ మాసపత్రిక

రాష్ట్రం వచ్చిన కొత్తలో మేము పానగల్‌లో ఒక రైతు ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నేను బడిపంతులును. మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి మాట్లాడేవాణ్ణి. సెలవు రోజున మాత్రం నార్కట్‌పల్లిలో పాత కాగితాల దుకాణంలో కూర్చుని, తూకానికొచ్చిన కట్టల్లోంచి పాత డిటెక్టివ్, క్షుద్ర మాసపత్రికలు ఏరుకునేవాణ్ణి. తోటి హేతువాదులు ఎగతాళి చేసేవారు. జనానికి భయాన్ని ఎట్లా వండి వడ్డించారో తెలియాలంటే ఆ గిన్నెలు దాచొద్దా అని నా వాదన. అసలు నిజం, ఆ కథలు నాకిష్టం.

ఒకసారి చెదలు పట్టకుండా వాటిని వాకిట్లో ఎండకు పరిచాను. ఒకదాని అట్ట మీద పుర్రె, రక్తం కారే నిమ్మకాయ. అదే వారం ఇంటాయన బర్రె పాలు తగ్గించింది.

"సారూ, గది బాణామతి పుస్తకమట. మా బర్రె మొఖాన పరిస్తివి. కాలబెట్టు," అన్నాడు.

"అన్నా, బర్రెకు చదువొస్తదా?"

"నీకు నవ్వులాటనే. పోయేటివి మా పాలాయె."

పశువుల డాక్టరును పిలిపించాను. పొదుగువాపని సూది వేశాడు. నాలుగు రోజుల్లో పాలు మళ్లీ మామూలుగా వచ్చాయి. అయినా ఇంటాయన వదల్లేదు.

"సూది సూదే, మంత్రం మంత్రమే. అన్ని వద్దులే సారు, గదొక్కటి కాలబెట్టు. లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్యి."

నా భార్య కూడా మెత్తబడింది. "ఒక్క పుస్తకమే గద. మంచినీళ్లున్న ఇల్లు మళ్ల దొరుకుతదా?"

ఒక్కటే, నిజమే. కానీ కాలిస్తే, పుస్తకం బర్రెను కొట్టగలదని నేను ఒప్పుకున్నట్టే. రేపు ఇంకో బర్రె వట్టిపోతే, వీధి చివర ఒంటరిగా బతికే ముసలమ్మ తలుపు కొడతారు. ఆమె బాణామతి చేస్తుందని అప్పటికే గుసగుసలున్నాయి. కాగితానికి నొప్పి తెలియదు. ఆమెకు తెలుస్తుంది.

ఈ మాట నా భార్యకు చెప్పాను. ఆమె అటక మీది గోనెసంచులు దించింది. "గట్లయితే ఒక్కటి గూడ ఇడవకు," అంది.

ఇల్లు ఖాళీ చేసే రోజు, కావాలనే పాలు పితికే వేళకు ట్రాలీ ఆటో పిలిచాను. సామానంతా ఎక్కించాక, వాకిట్లో జనం చూస్తుండగా ఆ పత్రిక తెరిచి, అందులోని మంత్రాన్ని బర్రె ఎదుట గొంతెత్తి మూడుసార్లు చదివాను. ఎవరో పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. బర్రె నెమరు ఆపలేదు.

"ఇగ పిండు అన్నా," అన్నాను.

ఇంటాయన కదల్లేదు. ఆయన భార్యే చెంబు పట్టుకొచ్చి పొదుగు దగ్గర కూర్చుంది. చెంబు నిండేదాకా నిలబడి చూసి, ఆటో ఎక్కాం.