మఠం గోడకున్న కొక్కేలు

సోలాపూర్ భవాని పేట్‌లో మా నేతవాళ్ల వీధి చివరనున్న పాత క్యాథలిక్ మఠాన్ని బాగుచేస్తున్నారు. సంతోషమే. కానీ ఇవాళ మా అత్తమ్మతో అటు వెళ్తే, ప్రహరీగోడకున్న ఇనుప కొక్కేలన్నీ మేస్త్రీ పీకి తుక్కులో పడేస్తున్నాడు.

"గవెందుకు పీకుతున్నవ్ నాయినా? మా ఇండ్లల్ల మగ్గానికెక్కే పడుగు దారాలు పొడుగ్గ సాపనీకి జాగ లేదని అప్పట్ల సిస్టర్లే కొట్టిపిచ్చిండ్రు" అంది అత్తమ్మ.

"హెరిటేజ్ బిల్డింగ్ అమ్మా. గోడ సాఫ్‌గ ఉండాలన్నడు మా సాబ్."

నాకు ఒళ్లు మండిపోయింది. మా నేతవాళ్ల దారాలు మోసిన గోడ అది. ఆ గుర్తే చెరిపేసి ఇంక దేన్ని కాపాడుతున్నట్టు?

ప్రారంభోత్సవం రోజు అదే గోడ నిండా సోలాపూర్ దుప్పట్లు వేలాడదీస్తారని కూడా ఆ మేస్త్రీయే చెప్పాడు. దేనికి తగిలిస్తారో మీరే చెప్పండి!