చింతగింజల కారు

కార్లు పాడవడానికి లోకంలో చాలా మర్యాదైన దారులున్నాయి. లారీ గుద్దవచ్చు, వాగులో పడవచ్చు, ఏమీ కాకపోతే ముసలితనం రావచ్చు. మా కారుకు ఆ మర్యాద దక్కలేదు. దాన్ని బర్రెలు నాకాయి, కాకులు తిన్నాయి. అదీ ఎప్పుడనుకున్నారు? మా బాపు సంవత్సరీకం రోజున, గోదావరి ఒడ్డున, పంతులు మంత్రం చదువుతుండగా. అందుకు కారణం అక్షరాలా నేనే, నాకు తోడు మా మామ. నవ్వదలచినవాళ్లు నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నేను నవ్వించాలనుకున్నది ఒక్క మనిషినే. ఆమె నవ్విందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

ముందు కారు సంగతి చెప్పాలి. అది మేం కొన్నది కాదు. మా బాపు నిర్మల్ దగ్గర ఒక దొరకు డ్రైవరు. పోలీసు చర్య తర్వాత దొర సామాను సర్దుకుని పట్నం వెళ్లిపోతూ, "ఇది నీ మాటనే ఇంటది, నీ తాననే ఉండనియ్యి" అని ఆ నల్ల విలాయతీ కారును బాపుకు వదిలేశాడు. ఆ మాట నిజం. అది ఇంకెవరి మాటా వినేది కాదు. బాపు దాన్ని కిరాయికి తిప్పాడు. పురిటి నొప్పులతో ఉన్నవాళ్లనూ, పాము కరిచినవాళ్లనూ, పెళ్లికొడుకులనూ ఎక్కించుకుని ఉట్నూర్ అడవి దారులన్నీ తిరిగాడు. ఇంజను చివరిదాకా బాగానే ఉంది గానీ పైరేకు మాత్రం ఆ దారులకే అర్పితమైపోయింది. మడ్‌గార్డులకు తుప్పు, తలుపు అడుగున పిల్లి దూరేంత చిల్లు, ఒంటినిండా సొట్టలు. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద ఒక సొట్ట ఉండేది, చిన్న పళ్లెమంత. వాన వెలిశాక అందులో నిలిచిన నీళ్లు పిచ్చుకలు తాగేవి. అదెట్లా పడిందని చిన్నప్పుడు బాపును అడిగితే "ఎడ్లబండి తాకిందిరా" అన్నాడు. ఎప్పుడడిగినా అదే జవాబు.

బాపు పోయాక మా అమ్మ, మా భాషలో అవ్వ, మాటలు తగ్గించింది. ఏమడిగినా 'ఊ' అనడమే. తిన్నావా అంటే 'ఊ', పడుకుంటావా అంటే 'ఊ'. నవ్వడం సరేసరి. మా ఇల్లు కదిలించేంత నవ్వు ఆమెది, అది బాపుతో పాటే పోయిందనుకున్నాను. నాకది బాపు పోయినదానికంటే ఎక్కువ భయంగా ఉండేది. అట్లాంటి మనిషి సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఒక పొద్దున చాట పక్కనబెట్టి నోరు విప్పింది.

"పిట్టకు పెట్టనీకి సోన్ గోదారికి పోతం గద. బస్సుల వద్దురా. మీ బాపు కారుల పోదాం. నేను ముంగట కూసుంట."

పిట్టకు పెట్టడమంటే మా వైపు తెలియనివారుండరు. పోయినవారికి ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయినవారి మనసు శాంతించినట్టు. ముట్టలేదంటే వారికేదో కోరిక మిగిలిందన్నమాట. అదేమిటో ఊహించి, తీరుస్తామని ఒట్టుపెట్టేదాకా కాకి ముట్టదు.

ఏడాదిలో అవ్వ అడిగిన మొదటి కోరిక అది. ఆ తుప్పు డొక్కులో ఆమెను ఎక్కించడానికి నా మనసు ఒప్పలేదు. బాపు కారు కొత్త కారులా మెరవాలి, అవ్వ దాన్ని చూసి నవ్వాలి. ఇంతే నా ఆలోచన. తప్పేముంది చెప్పండి?

నిజామాబాదు తీసుకుపోయి రేకు పని చేసే మిస్త్రీకి చూపించాను. అతను కారు చుట్టూ తిరిగి, మడ్‌గార్డు మీద వేలితో కొట్టాడు. వేలు లోపలికి పోయింది.

"మొత్తం ఊడదియ్యాలె భాయ్. తుప్పంత కోసెయ్యాలె, కొత్త రేకు అతకాలె, సొట్టలు లోపలికెల్లి కొట్టాలె. మల్ల రంగు ఆరాలె. దసరా ఎల్లినంక రా."

"దసరానా! మా బాపు సంవత్సరీకం శ్రావణంలనే ఉన్నది."

"అయితే మీ బాపును జర ఆగుమను."

అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే నా నెత్తురు మరిగిపోయింది. కారు తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. ఆ కోపంలో కాకుండా కాస్త స్థిమితంగా ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద మా మామ కర్ర చిలుకను నునుపు చేస్తున్నాడు. మామంటే అవ్వకు అన్న. బొమ్మలు చేయడంలో నిర్మల్‌లో పేరున్నవాడు, ఆ పేరు తానే అందరికీ చెప్పేవాడు. నా గోడు విని చిలుకను పక్కన పెట్టాడు.

"రేకులు కొట్టెటోనికి ఏం తెలుస్తదిరా? కారంటే ఏంది? చక్రాలున్న బొమ్మ. జర పెద్దది, గంతే."

"మరి సొట్టలు?"

"మన ముద్ద లేదా?"

మన ముద్ద అంటే చింతగింజలు నానబెట్టి, ఉడికించి, మెత్తగా రుబ్బి, రంపపు పొట్టు కలిపి చేసేది. బొమ్మలకు చెవులూ కొమ్ములూ తోకలూ అతికేది దానితోనే. ఆరిందంటే గట్టిగా రాయిలా ఉంటుంది.

"కర్రకు సరే మామా. రేకుకు పడ్తదా?"

"బొమ్మ ఏనుగుకు తొండం ఆగుతది గద. నీ కారుకు గింత సొట్ట ఆగదా?"

ఈ తర్కంలో తప్పు ఇప్పటికీ నాకు దొరకలేదు. తొండం నిజంగానే ఆగుతుంది.

ఆ మరునాటి నుంచి మా వాకిలి పెళ్లివారి వంటశాలయింది. గాబుల్లో చింతగింజలు నానుతున్నాయి, బానల్లో ఉడుకుతున్నాయి, రోట్లో నలుగుతున్నాయి. నేను బనీనుతో నిలబడి, కారుకు ముద్ద మెత్తుతున్నాను. తలుపు చిల్లుకు వెనక నుంచి గుడ్డ అతికి ముద్దతో మూసేశాం. తుప్పు తిన్న మడ్‌గార్డులు లావెక్కాయి. ఒకప్పటి బక్క కారు బలిసిన షావుకారులా తయారైంది. ఎడమ మడ్‌గార్డు మీది సొట్టలో పెద్ద ముద్ద వేసి రుద్దుతుండగా అవ్వ వచ్చి నిలబడింది.

"అన్ని సాఫ్ చేస్తున్నవారా?"

"అన్ని సాఫే అవ్వా. ఒక్క సొట్ట గూడ కనవడది."

అవ్వ చేయి చాపి ఆ చోటును తడిమింది. తడి ముద్ద వేళ్లకంటింది. కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. సంతోషం పట్టలేక వెళ్లిపోయిందనుకున్నాను. చూడండి నా తెలివి!

ముద్ద ఆరాక సుద్ద పూసి, నల్లరంగు వేశాం. అక్కడితో ఆపితే బాగుండేది. కానీ మామ చేతిలో కుంచె ఉంది, ఎదురుగా ఖాళీ తలుపు ఉంది. నేను భోజనం చేసి వచ్చేసరికి తలుపు మీద బంగారు రంగులో ఒక లేడి గెంతుతోంది.

"మామా! మనం పొయ్యేది పిట్టకు పెట్టనీకి, పెండ్లికి గాదు!"

"మీ బాపుకు లేళ్లంటే పానం."

"బాపు లేడి మాట ఎన్నడు ఎత్తలే!"

"నీతోని ఎత్తలే. నాతోని ఎత్తిండు."

బానెట్ చుట్టూ బంగారు తీగ కూడా పాకింది. ఊరంతా వచ్చి చూసిపోయింది. నేను కారు పక్కన నిలబడి, ఎవరైనా మెచ్చుకుంటే "ఏదో ఇంట్లనే చేసుకున్నం" అన్నాను. పైన వార్నిష్ పట్టించాలి, అదుంటే కొంత తడిని ఆపేది. దానికి వేళ చాలలేదు. "శ్రావణంల వాన గట్టిగ పడ్తదా ఏంది" అన్నాడు మామ. అతను పుట్టి పెరిగింది కూడా ఈ జిల్లాలోనే.

సంవత్సరీకం పొద్దున అవ్వ ముందు సీట్లో కూర్చుంది. వెనక మామ, అతని ఒడిలో వంట గిన్నెలు. ఊరు దాటామో లేదో వాన అందుకుంది. మొదట చినుకులు, తర్వాత కుండపోత. అద్దం మీద నీళ్లు నల్లగా దిగాయి. తర్వాత అద్దం మీదికి బంగారు తీగ దిగింది. తర్వాత ఏదో గోధుమ రంగులో జారింది. చూస్తే పొద్దున పోసుకునే అంబలిలా ఉంది.

"మామా, గిదేంది?"

"రోడ్డు మీది బురద."

"బురద పైనుంచి కిందికి వస్తదా?"

మామ గిన్నెలను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నేను అవ్వ వైపు చూడలేకపోయాను.

సోన్ చేరేసరికి వాన వెలిసింది. దిగి చూశాను. లేడి కాళ్లు నేలదాకా సాగి, అది ఒంటెలా కనిపించింది. మడ్‌గార్డులు ఉబ్బి, పగిలి, ముద్దలు ముద్దలుగా వేలాడుతున్నాయి. ఏడవడానికి కూడా సమయం లేదు. ఒడ్డున పంతులు పిలుస్తున్నాడు. అవ్వ కారు వైపు తిరగకుండా, గిన్నె పట్టుకుని ముందు నడిచింది. నేను తలవంచుకుని వెనక నడిచాను.

పిండాలు పెట్టాను. బాపుకు ఇష్టమైన సర్వపిండి, పచ్చిపులుసు, అన్నం ఆకులో వడ్డించాం. దూరంగా వచ్చి కూర్చున్నాం. కాకి రాలేదు.

సోన్ ఒడ్డున కాకులకు కరువా? ఎప్పుడూ ఆకు పెట్టకముందే దిగుతాయి. ఆ రోజు ఒక్కటీ లేదు. పంతులు కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుని చూసి, మెల్లగా అన్నాడు.

"కాకులన్నీ అక్కడున్నాయి నాయనా."

తల తిప్పాను. కారు పైకప్పు నిండా కాకులు. తలుపుకు వేలాడుతున్న ముద్దను పొడుచుకు తింటున్నాయి. కింద బర్రెలు. మా ఊళ్లల్లో పాడి బర్రెలకు ఉడికించిన చింతగింజలు పెడతారు కదా, వాటికి వాసన తెలుసు. రెండు వైపులా చేరి, నాలుకలతో మడ్‌గార్డులను శుభ్రంగా నాకుతున్నాయి. లేవబోయాను.

"కదలకు!" అని పంతులు ఆపాడు. "కాకి ముట్టకుండా లేవరాదు. ఆయనకేదో కోరిక మిగిలింది. చెప్పుకోండి."

మామ చేతులు జోడించాడు. "బావా, చెల్లెను నేను చూసుకుంట." కాకి రాలేదు.

"బాపూ, అవ్వను ఎన్నడు కష్టపెట్టను. నీ కారు ఎవ్వలకు అమ్మను," అన్నాను. రాలేదు. బాపు చివరి ముద్దను కూడా నా తెలివితేటలు చెడగొట్టాయనిపించి, నిజంగానే ఏడ్చేశాను.

అప్పుడు అవ్వ లేచింది. పంతులు వద్దంటున్నా ఆగలేదు. నేరుగా కారు దగ్గరికి పోయి, ఎడమవైపు బర్రెను అదిలించింది. మడ్‌గార్డు మీద ముద్ద, సుద్ద, రంగు ఏమీ లేవు. పాత రేకు, పాత సొట్ట, అందులో ఇంత వాన నీరు. అవ్వ భుజాలు కదలడం చూసి పరుగెత్తాను. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా నవ్వుతోంది.

"గిది ఎడ్లబండి తాకింది గాదురా."

"మరేంది?"

"నేను గుద్దిన. దొర ఊళ్లె లేనినాడు మీ బాపు నన్ను గా సీట్ల కూసోవెట్టి, చక్రం నా చేతుల వెట్టిండు. పొయ్యి సక్కగ ఇప్పచెట్టుకు గుద్దిన. దొర సంపుతడని ఏడుస్తుంటే, 'ఎడ్లబండి తాకిందని చెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు' అన్నడు. సచ్చెదాక గదే చెప్పిండు. నీకు గూడ గదే చెప్పిండు. సాఫ్ చేపిద్దామంటే, ఉండనియ్యి అనెటోడు."

"నేను ముద్ద పెట్టిననాడు చెప్పకపోయినవా అవ్వా?"

"గంత పానం పెట్టి చేస్తుంటివి. ఎట్ల చెప్పాలెరా?"

అవ్వ పైకప్పు మీది కాకుల వైపు తలెత్తింది. "ఏమయ్యా, ఇన్నవా? నీ సొట్ట నీకున్నది. ఇగ దాన్ని ఎవ్వలు ముట్టరు. నీ కొడుకు ఒట్టు వెడ్తడు." నా వైపు తిరిగింది. "పెట్టురా."

సొట్ట మీద చేయి వేసి ఒట్టుపెట్టాను. ఒక కాకి రెక్కలు దులుపుకుని లేచి, మా తలల మీదుగా పోయి, ఆకు దగ్గర దిగింది. దాని ముక్కుకు మామ పూసిన బంగారు రంగు అంటుకుని ఉంది. ఆ బంగారు ముక్కుతో సర్వపిండిని తీసుకుంది.

"ముట్టింది! ముట్టింది!" అని పంతులు అరిచాడు. మామ కళ్లు తుడుచుకుని, "చూసినవా, నా రంగు ఎట్ల మెరుస్తున్నదో" అన్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు అవ్వ చక్రం తనకిమ్మంది. దారిలో ఇప్పచెట్లు ఇంకా ఉన్నాయని చెప్పి ఇవ్వలేదు. ఆమె మళ్లీ నవ్వింది, ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. దసరా వెళ్లాక కారును ఆ మిస్త్రీ దగ్గరికే తోలుకుపోయాను. అంతా బాగుచేశాడు. ఎడమ మడ్‌గార్డు మీద సుత్తి ఎత్తినప్పుడు మాత్రం చేయి పట్టుకున్నాను. "పైసలిస్తవు గని సొట్ట ఉంచుమంటవు, పాగల్ అయినవా?" అన్నాడు. అవునన్నాను.

కనుక సోన్ గోదావరి సాక్షిగా, బంగారు ముక్కు కాకి సాక్షిగా, సిగ్గులేకుండా నాకిన ఆ బర్రెల సాక్షిగా మళ్లీ చెబుతున్నాను. ఈ జన్మలో ఏ కారుకూ చింతగింజల ముద్ద పెట్టను. ఏ సొట్టనైనా సాఫ్ చేసే ముందు, అది ఎవరు చేసిందో మా అవ్వను అడుగుతాను.