నడివేసవిలో పొడుగు చేతుల చొక్కా

కత్తెరక్కకు ఆ పేరు మెడలో తాడుకు వేలాడే కత్తెర వల్ల వచ్చిందని కొందరూ, మాట తీరు వల్ల వచ్చిందని ఇంకొందరూ అంటారు. రెండూ నిజమే. ఇంటి ముందుగదే ఆమె కుట్టు దుకాణం. ఒక మిషను, ఒక బల్ల, మూలన తెర కట్టిన కాస్త చోటు, అందులో నిలువుటద్దం. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ మిషను మీద మోచేతులు ఆనించి డిటెక్టివు నవలలు చదువుకుంటుంది. ఈ మధ్య ఆస్ట్రేలియాలో ఏదో చిన్న ఊరి కథలు, తెలుగులోకి వచ్చినవి, వరసగా పట్టింది. వాటిలో నేరాలు ఛేదించే ఆవిడకు మోకాళ్ల నొప్పి. ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీ అడుగుతుంది. కత్తెరక్క ఆవిణ్ణి దూరపు చుట్టంలా "మన ఇన్‌స్పెక్టరమ్మ" అంటుంది. మొదటి రెండు పుస్తకాల్లోనూ హంతకుణ్ణి ఆవిడకంటే ముందే పట్టేసింది. మూడో దాంట్లో బోల్తా పడింది.

ఆ కథ డిసెంబరులో జరుగుతుంది. ఒక రైతు భార్య గొర్రెల నీళ్లతొట్టి పక్కన చచ్చి పడి ఉంటుంది. ఒంటి మీద మణికట్టు దాకా చేతులున్న చొక్కా. చలికాలం కదా అనుకుని కత్తెరక్క పేజీ తిప్పేసింది. అనుమానమంతా సారాకొట్టు వాడి మీద పెట్టుకుంది. తీరా చూస్తే చంపింది మొగుడు. కరువులో తన బావి నీళ్లు ఊరందరికీ పంచిన మనిషి. కత్తెరక్కకు ఒళ్లు మండిపోయింది. ఆధారం ఒక్కటీ చూపించకుండా ఇలా తేల్చెయ్యడం ఏం న్యాయమని, మేడ మీద ఉండే ఆడపడుచును నిలదీసింది. ఆ పిల్ల బళ్లో భూగోళం చెబుతుంది.

ఆడపడుచు నాలుగు పేజీలు తిరగేసి నవ్వింది. "వదినా, అక్కడ డిసెంబరంటే నడివేసవి. మాడు పగిలే ఎండ. నాతో ఇన్నేళ్లు ఉండి ఈ మాత్రం తెలీదా? మా అన్నయ్య ఏం నేర్పినట్టు?"

"మీ అన్నయ్యకి చొక్కా ముందేదో వెనకేదో తెలిస్తే అదే పదివేలు," అని కత్తెరక్క పుస్తకం లాక్కుంది.

మళ్లీ మొదటినుంచి చదివింది. అంతా ఎండే. గడ్డి మాడిపోతే కరువనుకుంది. జనం వరండాల్లో పడుకుంటే వాళ్ల అలవాటనుకుంది. ఎవడో చెమట తుడుచుకుంటే వాడే దొంగనుకుంది. తన తెలివికి తనే నవ్వుకుంటూ, ఆ ఊళ్లో బట్టలు కుట్టే ముసలావిడను ఇన్‌స్పెక్టరమ్మ ప్రశ్నించే చోటికి వచ్చింది. పొడుగు చేతులు పెట్టమంది, పెట్టాను, అంటుందా ముసలావిడ. ఈ ఎండలో ఎందుకని అడగలేదా అంటే, అడగడం నా పని కాదనుకున్నాను, అంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ జవాబు కత్తెరక్కకు ఎంతో మర్యాదగా తోచింది.

ఇప్పుడు అదే జవాబు దగ్గర పుస్తకం బోర్లించి తలెత్తింది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. బల్ల మీద, అంచు కుట్టాల్సిన చొక్కా ఒకటి ఉంది. మందుల షాపాయన భార్యది. మణికట్టు దాకా చేతులు, మెడ దాకా కాలరు. ఈ వేసవిలో ఇది మూడోది.

అంతకుముందు ఆ అమ్మాయి ఎప్పుడూ అద్దం ముందు నిలబడి కొలతలిచ్చేది. ఈ వేసవిలో మాత్రం పాత చొక్కా ఆదిగా తెచ్చి, దాన్ని చూసి కుట్టెయ్యక్కా అంటోంది. తల మీంచి తొడుక్కునేవి వద్దు, ముందు గుండీలు పెట్టమంది. చెయ్యి పైకి ఎత్తలేని వాళ్లే అలా అడుగుతారని కత్తెరక్కకు తెలుసు. భుజం విరిగిన వాళ్లకు ఎన్ని కుట్టలేదు? తెలిసి కూడా, ఎండకు కమిలిపోతావనా తల్లీ అని వేళాకోళమాడింది. ఆ అమ్మాయీ నవ్వింది.

ఈ అనుమానం పైకి చెబితే ఆడపడుచు ముందు కొట్టిపారేసింది. ఆయన చీమకైనా హాని చెయ్యడే, ఏ వేళ తలుపు తట్టినా మందిస్తాడే, పుస్తకాలు చదివి కనబడ్డవాళ్లందర్నీ హంతకుల్ని చేస్తున్నావంది. కత్తెరక్కకూ అదే భయం. తప్పయితే పచ్చని సంసారం మీద బురద చల్లినట్టు. నిజమైతే?

మర్నాడు ఆ అమ్మాయి చొక్కా తొడుక్కుని చూసుకోవడానికి వచ్చింది. ఆడపడుచు బడి నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో ఉంది. కత్తెరక్క తెర లాగింది. జీవితంలో మొదటిసారి ఆమెకు మాట వెతుక్కోవలసి వచ్చింది.

"ఇంత ఎండలో ఈ చేతులెందుకమ్మా?"

ఆ అమ్మాయి మణికట్టు దగ్గర గుండీ తనే విప్పి, చొక్కా చేతిని మోచెయ్యి దాకా మడిచింది. కమిలిన మచ్చలు కొన్ని పసుపుపచ్చకు తిరిగాయి, కొన్ని ఇంకా నల్లగానే ఉన్నాయి. మోచేతి కింద ఉన్నది నిన్నటిదే అయ్యుండాలి.

కానీ కత్తెరక్కకు అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది.

"మొదటి చొక్కాకే అడుగుతావనుకున్నానక్కా," అంది ఆ అమ్మాయి, అద్దంలోకి చూస్తూ. "నువ్వు నోరు మూసుకుని ఊరుకోవు కదా అని నీ దగ్గరికే వచ్చాను. రెండోదానికైనా అడుగుతావనుకున్నాను."

కత్తెరక్క స్టూలు మీద కూలబడింది. అప్పుడే బయట స్కూటరు ఆగింది.

"అయిందా అక్కా? మా ఆవిణ్ణి తీసుకెళ్దామని వచ్చాను." మందుల షాపాయన గొంతు. ఎప్పటిలాగే మెత్తగా, మర్యాదగా ఉంది. తెర వెనక ఆ అమ్మాయి గబగబా చొక్కా చెయ్యి కిందికి దించేసుకుంది.

తెర సందులోంచి అంతా చూసిన ఆడపడుచు అప్పటికే గుమ్మంలోంచి లోపలికి జరిగింది. కత్తెరక్క ఆమెకు వంటింటి వైపు కళ్లతో చూపించింది. ఆ పిల్ల చెప్పులైనా తొడుక్కోకుండా పెరటి దారిన పోలీసు స్టేషనుకు పరుగు తీసింది.

"ఇంకా కాలేదు బాబూ," అంది కత్తెరక్క. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ ఆవిడ ఇవాళ ఇక్కడే ఉంటుంది. నువ్వెళ్లు."

స్కూటరు కదలలేదు. మెట్టు మీద అడుగు పడింది. కత్తెరక్క లేచి తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.